విగ్రహం 125 అడుగులు, పేపర్ ఒక్కటి

2023 ఏప్రిల్ 14న హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. బాబాసాహెబ్ మనవడు ప్రకాశ్ అంబేద్కర్ ముఖ్య అతిథిగా వచ్చారు. ఆ నెలాఖరుకే ఆయన పేరు పెట్టిన తెలంగాణ కొత్త సచివాలయం ప్రారంభమైంది. విగ్రహం లేచి నెల తిరగకముందే, మే 8న, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఒక స్టాండింగ్ కమిటీ బీఏ ఫిలాసఫీలో అంబేద్కర్ తత్వం మీద ఉన్న ఎలెక్టివ్ పేపర్‌ను తీసేయమని సూచించింది. 2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో మరో 125 అడుగుల విగ్రహం వచ్చింది. పీఠంతో కలిపి 206 అడుగులు.

విగ్రహాలను చిన్నచూపు చూడటం మా ఉద్దేశం కాదు. ఊరి సెంటర్‌లో అంబేద్కర్ విగ్రహం పెట్టుకోవడానికి దెబ్బలు తిన్న మాల, మాదిగ పేటలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. కోనసీమ జిల్లాకు ఆయన పేరు పెడతామన్నందుకు 2022 మేలో అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. విగ్రహం విలువ మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ 2023ని తత్వశాస్త్ర విభాగాల వైపు నుంచి తిరిగి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా, మహానాయకుడిగా పొగడటానికి ఇప్పుడు ఏ పార్టీకీ అభ్యంతరం లేదు. తాత్వికుడిగా తరగతి గదిలోకి రానివ్వడానికే అభ్యంతరం. దండ వేయడానికి ఆయన్ని చదవాల్సిన పని లేదు. పేపర్ పెడితే చదవాలి, చదివాక వాదన మొదలవుతుంది, ఆ వాదన అగ్రకులాల గడప దాకా వస్తుంది.

ఢిల్లీలో ఏం జరిగిందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఆ పేపర్ 2015 నుంచీ ఉంది. అంబేద్కర్ జీవితం, ముఖ్య రచనలు, ఆయన భావనలు, పరిశోధనా పద్ధతి అందులో పాఠ్యాంశాలు. జాతీయ విద్యా విధానం ప్రకారం సిలబస్‌లు తిరగరాసే పనిలో భాగంగా దాని మీద కత్తి పడింది. ఫిలాసఫీ విభాగం వెంటనే సమావేశమై ఈ సూచనను వ్యతిరేకించింది. దేశంలోని మెజారిటీ ప్రజల సామాజిక ఆకాంక్షలకు ప్రతినిధి అయిన ఈ నేల ఆలోచనాపరుడాయన, ఆయన మీద పరిశోధన పెరుగుతోంది, పేపర్ ఉంచండి అని వైస్ చాన్సలర్‌ను కోరింది. మేం తీసేయమనలేదు, అన్ని వర్గాలకూ ఆకర్షణీయంగా మార్చమన్నాం అని అధికారుల వైపు నుంచి వివరణ వచ్చింది. అన్ని వర్గాలకూ ఆకర్షణీయం! కాంట్ పాఠం ఏ వర్గాన్ని ఆకర్షిస్తోందని ఏ కమిటీ అయినా ఎప్పుడైనా అడిగిందా? శంకరాచార్యుడి అద్వైతం గురించి అడిగిందా? ఆ పరీక్ష అంబేద్కర్‌కే ఎందుకు పెట్టారు?

మే 26న జరిగిన అకడమిక్ కౌన్సిల్ చివరికి పేపర్‌ను నిలబెట్టింది. పక్కన గాంధీ పేపర్, వివేకానంద పేపర్ చేర్చింది. సావిత్రిబాయి ఫూలే మీద కూడా ఆలోచించండని వైస్ చాన్సలర్ అన్నారు. ఇది మన గెలుపే, అందులో సందేహం లేదు. విభాగంలోని అధ్యాపకులు నిలబడ్డారు, బయట విద్యార్థి సంఘాలు గొంతెత్తాయి. అయితే అదే సమావేశంలో పొలిటికల్ సైన్స్ సిలబస్ నుంచి ఇక్బాల్ పాఠాన్ని తొలగించే తీర్మానమూ పాసైంది. ‘సారే జహాఁ సే అచ్ఛా’ రాసిన కవిగానే ఇక్బాల్ మనకు తెలుసు. ఆయన ఇరాన్ తాత్విక చింతన మీద మ్యూనిక్‌లో డాక్టరేట్ చేసిన తత్వవేత్త కూడా. ఒక తాత్వికుడిని నిలబెట్టుకున్న రోజే ఇంకొకరు పోయారు. ఆయన కోసం మనవాళ్లు పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడాల్సింది.

అసలు అంబేద్కర్ తత్వవేత్తేనా అని అడిగేవాళ్లు మన సెమినార్ గదుల్లో ఇప్పటికీ ఉన్నారు. జవాబు కోసం ఎంతో దూరం పోనక్కర్లేదు. 1936 నాటి ‘కుల నిర్మూలన’ తెరిస్తే చాలు. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్న కాలమది. హిందూ సమాజం ఇన్ని వేల ఏళ్లు బతికి బట్టకట్టింది, అదే దాని గొప్పతనానికి రుజువు అన్నట్టుగా ఆయన చేసిన వాదనను అంబేద్కర్ పేరుపెట్టి మరీ ఎదుర్కొన్నాడు. బతికి ఉండటం ఒక ప్రశ్న కాదు, ఏ స్థాయిలో బతికావన్నదే ప్రశ్న అన్నది ఆయన వాదన సారం. ఒక వ్యవస్థ విలువను దాని వయసుతో కొలవగలమా? ఇది నీతిశాస్త్రంలో మొదటి తరగతి ప్రశ్న. ఇక ‘ఫిలాసఫీ ఆఫ్ హిందూయిజం’ ఆయన పూర్తి చేయకుండా వదిలిన రాతప్రతి. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన రచనల మూడో సంపుటంలో 1987లో గానీ అచ్చు కాలేదు. ఒక మతాన్ని ఏ కొలబద్దతో అంచనా కట్టాలన్న చర్చ అందులో ముందు నడుస్తుంది. న్యాయం, ఉపయోగం అనే రెండు కొలతలు తేల్చుకున్నాకే ఆయన మనుస్మృతిలోకి దిగుతాడు. తీర్పు కన్నా ముందు పద్ధతిని స్థిరపరచుకోవడమన్నమాట. రాధాకృష్ణన్ పుట్టినరోజు దేశమంతటికీ గురుపూజోత్సవం. ఆయన్ని ప్రశ్నించిన మనిషికి ఒక్క ఎలెక్టివ్, అదీ పోరాడితే.

ఈ విషయంలో 2023 కొంత మంచి కూడా చేసింది. స్కాట్ స్ట్రౌడ్ రాసిన ‘ది ఎవల్యూషన్ ఆఫ్ ప్రాగ్మాటిజం ఇన్ ఇండియా’ను షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆ ఏడాదే తెచ్చింది. 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో అంబేద్కర్ చదువు ఎలా సాగింది, జాన్ డ్యూయీ దగ్గర ఏం విన్నాడు, విన్నదాన్ని ఎక్కడ మార్చుకున్నాడు, ఎక్కడ ఒదులుకున్నాడు అన్నది స్ట్రౌడ్ ఓపికగా వెతికాడు. మాకు నచ్చిందేమిటంటే అంబేద్కర్ అందులో డ్యూయీకి నకలుగా కనిపించడు. అమెరికా ప్రాగ్మాటిజాన్ని కులం మీదికి తిప్పిన కొత్త తాత్వికుడిగా కనిపిస్తాడు. నవయాన వేసిన అశోక్ గోపాల్ ‘ఎ పార్ట్ అపార్ట్’ కూడా ఆ ఏడాదిదే. రెండూ ఇంగ్లిష్‌లోనే వచ్చాయి. తెలుగు మీడియం నుంచి వచ్చిన మన ఎంఏ పిల్లల చేతికి ఎప్పుడు అందుతాయో చెప్పలేం.

ఇక పోయినవాళ్లు. ఏప్రిల్ 28న రణజిత్ గుహ ఆస్ట్రియాలో కన్నుమూశాడు. ఇంకో నెల ఉంటే నూరేళ్లు నిండేవి. చరిత్రకారుడే అయినా, చరిత్రలో కర్త ఎవరు అనే తాత్విక ప్రశ్నను ఈ దేశంలో గట్టిగా అడిగినవాళ్లలో ఆయనొకడు. 1983లో రైతు తిరుగుబాట్ల మీద వచ్చిన పుస్తకం అందరికీ తెలుసు. మేం మాత్రం ‘చంద్రాస్ డెత్’ అనే వ్యాసాన్ని ముందు చదవమంటాం. 19వ శతాబ్దం నడుమ బెంగాల్‌లో బాగ్దీ కులానికి చెందిన చంద్ర అనే యువతి గర్భస్రావం మందు వికటించి చనిపోయింది. ఆమె గురించి మిగిలింది కొన్ని వాంగ్మూలాల తునకలే. నేరం, నిందితులు, సాక్షులు అనే చట్టం భాష కింద నలిగిపోయిన ఒక కుటుంబం భయాన్ని, దుఃఖాన్ని గుహ ఆ తునకల నుంచి బయటికి తీశాడు. కారంచేడు, చుండూరు కేసుల కాగితాలు చదివే ప్రతి పరిశోధక విద్యార్థికీ ఆ వ్యాసం పనికొస్తుంది.

కానీ ఆయన మొదలుపెట్టిన సబాల్టర్న్ స్టడీస్ కులాన్ని చాలాకాలం రైతు అనే మాట కింద కప్పేసింది. కంచ ఐలయ్య దళితబహుజన ప్రత్యామ్నాయం మీద రాసిన వ్యాసం ఆ సంపుటాల్లోకి చేరేసరికి 1996, తొమ్మిదో సంపుటం వచ్చింది. ‘కింది వర్గాల’ చరిత్ర రాసే బృందంలోకి కింది కులాల సిద్ధాంతం రావడానికి అంత కాలం పట్టింది. నివాళి అంటే ఇదీ రాయాలి. సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం ఒకరి సొత్తు, అనుభవాలు అందించే కూలిపని ఇంకొకరిది అని గోపాల్ గురు 2002లో రాసినప్పుడు ఎంతమందికి కోపం వచ్చిందో ఆ రంగంలోని పెద్దలకు గుర్తుండే ఉంటుంది.

మే 10న టొరంటోలో ఇయాన్ హాకింగ్ పోయాడు. తెలుగులో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువ. మా దృష్టిలో 2023లో మనకు అన్నిటికన్నా ఎక్కువ అవసరపడిన తత్వవేత్త ఆయనే, ఎందుకో చెబుతాం. మనుషులకు పెట్టే వర్గీకరణలు రాళ్లకూ చెట్లకూ పెట్టే పేర్ల లాంటివి కావని హాకింగ్ అంటాడు. క్వార్క్‌ని క్వార్క్ అని పిలిస్తే దానికి తెలియదు. మనిషికి ఒక పేరు తగిలిస్తే మనిషి దాన్ని వింటాడు, మోస్తాడు, తిరగబడతాడు, మారతాడు. అప్పుడు ఆ పేరు అర్థమూ మారుతుంది. జనాభా లెక్కలు, గణాంకాలు మనుషుల్లో కొత్త రకాలను ఎలా తయారు చేశాయో ఆయన తన జీవితంలో సగం పరిశోధించాడు.

ఆయన పోయిన ఐదు నెలలకు, అక్టోబరు 2న, బిహార్ ప్రభుత్వం కుల సర్వే లెక్కలు బయటపెట్టింది. 13 కోట్ల పైచిలుకు జనాభాలో అత్యంత వెనుకబడిన వర్గాలు 36.01 శాతం, వెనుకబడిన వర్గాలు 27.12, ఎస్సీలు 19.65, ఎస్టీలు 1.68. జనరల్ అనబడేవాళ్లు 15.52. వెంటనే ఒక పాత వాదన పత్రికల్లోకి తిరిగొచ్చింది. కులాలను గట్టిపరిచింది బ్రిటిష్ వాళ్ల సెన్సస్సే, మళ్లీ లెక్కపెడితే మళ్లీ గట్టిపడతాయి అని. హాకింగ్‌ను సగం చదివితే ఈ వాదన సబబుగానే తోస్తుంది. మొత్తం చదివితే తోయదు. పేరు పెట్టినవాడిదే చివరి మాట కాదన్నదే ఆయన అసలు పాయింట్. మన చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. 1917లో బెజవాడలో పంచమ మహాసభ అని పిలిచిన సభ భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన ఆది ఆంధ్ర మహాసభగా మారింది. సర్కారు కాగితం మీది పంచములు తమ పేరు తామే దిద్దుకున్నారు. ఆ తర్వాత సర్కారే ఆ కొత్త పేరును రాసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు 206 అడుగుల కట్టడం నిలబడింది ఆ ఊళ్లోనే.

ఇంకో మాట. ఎస్సీ, ఎస్టీలను ఈ దేశం 2011 దాకా ప్రతి పదేళ్లకూ లెక్కపెడుతూనే వచ్చింది. మన లెక్క ఎవరికీ ఇబ్బంది కాలేదు. 1931 తర్వాత లెక్కలోకి రాకుండా ఉన్నది పైవాళ్లు, నడిమివాళ్లు. లెక్కలోకి రాని వాడికి తనకు కులమే లేదని అనుకునే సౌకర్యం ఉంటుంది. బిహార్ లెక్కలో ఉలిక్కిపడేలా చేసింది 36 కాదు, ఆ 15.52.

పేర్ల గొడవ అమెరికాలోనూ నడిచింది. ఫిబ్రవరి 21న సియాటిల్ నగర మండలి వివక్ష నిషేధ చట్టంలో కులాన్ని చేర్చింది. కాలిఫోర్నియా చట్టసభలు ఆమోదించిన అలాంటి బిల్లునే అక్టోబరు 7న గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. వంశమూలం లాంటి పేర్లతో ఉన్న నిషేధాలు కులానికీ వర్తిస్తాయి కాబట్టి కొత్తది అక్కర్లేదన్నాడు. దెబ్బకు సొంత పేరు లేకపోతే ఆస్పత్రిలో ఏమని రాయిస్తాం? మన తెలుగు పిల్లలు ఎంఎస్ కోసం వేల సంఖ్యలో వెళుతున్న దేశం అది. ఇంటిపేరు, ఊరు అడిగి కులం కూపీ లాగే అపార్ట్‌మెంట్ల గురించి అక్కడున్న మనవాళ్లే చెబుతారు.

నవంబరు 5న మెక్సికో నగరంలో ఎన్రికే దుస్సెల్ పోయాడు. అర్జెంటీనాలో పుట్టి, 1973లో ఇంటి మీద బాంబు పడితే ఆ తర్వాత రెండేళ్లకు మెక్సికోకు ప్రవాసం వెళ్లినవాడు. విముక్తి తత్వశాస్త్రం అనే ధారను నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు. ఐరోపా ఆధునిక తత్వం డెకార్ట్ ‘నేను ఆలోచిస్తున్నాను’తో మొదలైందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దానికి నూరేళ్లకు పైగా ముందే 1492లో ‘నేను జయిస్తున్నాను’ మొదలైంది, ఆ జయించే నేనే తర్వాత ఆలోచించే నేను అయిందంటాడు దుస్సెల్. ఇక్కడి కథలో ‘నేను ఆలోచిస్తున్నాను’ కన్నా ముందు ‘నువ్వు తాకొద్దు’ ఉంది. భారతీయ తత్వశాస్త్రం పాఠం ఆత్మ దగ్గర మొదలవుతుంది, అంటు దగ్గర మొదలవదు. అంటరానితనాన్ని తాత్విక సమస్యగా తీసుకుని గోపాల్ గురు, సుందర్ సరుక్కై కలిసి రాసిన ‘ది క్రాక్డ్ మిర్రర్’ 2012 నుంచీ ఉంది. ఎన్ని ఎంఏ ఫిలాసఫీ సిలబస్‌లలో ఉందో మీ యూనివర్సిటీలో వెతికి చూడండి.

మిగతావి త్వరగా చెప్పేద్దాం. డిసెంబరు 16న పారిస్‌లో ఆంటోనియో నెగ్రీ పోయాడు. మన దగ్గర కమ్యూనిస్టు మిత్రులు నివాళులు రాశారు, మేం కొత్తగా కలిపేదేమీ లేదు. చైతన్యం మెదడులో ఎలా పుడుతుందో 25 ఏళ్లలో తేలుతుందన్న పందెంలో జూన్‌లో డేవిడ్ చామర్స్ నెగ్గి వైన్ సీసాలు గెలుచుకున్నాడు. సరదా వార్తే. జులైలో పోయిన హ్యారీ ఫ్రాంక్‌ఫర్ట్‌ను మాత్రం ఒక్క క్షణం తలుచుకోవాలి. అబద్ధాలకోరుకు నిజం తెలుసు, దాన్ని దాస్తాడు. కోతలరాయుడికి నిజంతో పనే లేదు, అందుకే వాడు ఎక్కువ ప్రమాదం అని చిన్న పుస్తకంలో తేల్చిన మనిషి. విమానాలు, ప్లాస్టిక్ సర్జరీలు మన పురాణాల్లోనే ఉన్నాయనే ఉపన్యాసాలు కాలేజీల్లో పెరిగిన ఏడాదిలో ఆయన పోయాడు.

ఆ ఉపన్యాసాల వెనక ఒక విధానమూ ఉంది. విద్యార్థులు తమ మొత్తం క్రెడిట్లలో కనీసం 5 శాతం భారతీయ జ్ఞాన వ్యవస్థల కోర్సుల నుంచి తీసుకునేలా ప్రోత్సహించాలని యూజీసీ 2023లో మార్గదర్శకాలిచ్చింది. మన నేల జ్ఞానాన్ని చదవడానికి మాకేం అభ్యంతరం? ఏడో శతాబ్దంలో ధర్మకీర్తి కులగర్వాన్ని మందబుద్ధి లక్షణాల్లో ఒకటిగా లెక్కగట్టాడు, అదీ భారతీయ జ్ఞానమే. వేమన ఉన్నాడు. తోలు ఊనడంలో ఉన్న రసాయన శాస్త్రం ఉంది. ఈ 5 శాతంలో వీటి వాటా ఎంత అన్నదే అడగాల్సిన ప్రశ్న.

సెప్టెంబరులో జీ20 సమావేశాల వేళ ఐఐటీ ఢిల్లీలో బోధించే తత్వవేత్త దివ్యా ద్వివేదీ ఫ్రాన్స్ 24 చర్చలో కులవ్యవస్థ గురించి, కుల పీడన లేని భవిష్యత్ భారతం గురించి మాట్లాడినందుకు నెలల తరబడి బెదిరింపులు ఎదుర్కొన్నారు. ఆమె పక్షాన నిలబడాల్సిందే. అయితే అదే మాట ఒక దళిత విద్యార్థి తన సెమినార్‌లో అంటే అంతర్జాతీయ వార్త కాదు. ‘నీ వాదనలో ఆవేశం ఎక్కువ’ అనే కామెంట్‌తో పేపర్ తిరిగొస్తుంది. మాలో చాలామంది దగ్గర అలాంటి పేపర్లు ఉన్నాయి.

మాట నమ్మడం, నమ్మకపోవడం గురించి తత్వశాస్త్రంలో ఏళ్లుగా పెద్ద చర్చ నడుస్తోంది. మాట్లాడే మనిషి ఎవరో చూసి ఆ మాట విలువ తగ్గించడాన్ని మిరాండా ఫ్రికర్ 2007లో జ్ఞానపరమైన అన్యాయం అంది. ఫిబ్రవరి 12న ఐఐటీ బొంబాయిలో మొదటి ఏడాది దళిత విద్యార్థి దర్శన్ సోలంకీ చనిపోయాడు. కుల వివక్ష ఉందని కుటుంబం చెప్పింది, అంబేద్కర్ పెరియార్ ఫూలే స్టడీ సర్కిల్ చెప్పింది. ప్రత్యక్ష వివక్షకు ఆధారాలు లేవని సంస్థ సొంత కమిటీ చెప్పింది. ఏ వాంగ్మూలం సాక్ష్యం అవుతుంది, ఏది ‘భావోద్వేగం’ అవుతుంది అన్నది ఎవరు నిర్ణయిస్తున్నారు? ఇది ఫ్రికర్ పుస్తకంలో ఉన్న ప్రశ్నే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల పోయి 2024 జనవరి 17కి ఎనిమిదేళ్లు. అక్కడా ఇదే ప్రశ్న.

డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఒక లెక్క ఇచ్చింది. అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి చదువు మధ్యలో వెళ్లిపోయిన ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు 13,626 మంది. ఒక్క కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లోనే 2,424 మంది ఎస్సీలు, 2,622 మంది ఎస్టీలు, 4,596 మంది ఓబీసీలు. వేరే కోర్సుల్లోకి మారి ఉండొచ్చని ప్రభుత్వం అంది. కొందరు మారి ఉంటారు. తత్వవేత్తల మరణాలకు సంస్మరణ సంచికలు వస్తాయి. ఈ 13,626 మందిలో ఎవరు ఏ థీసిస్ రాసి ఉండేవాళ్లో చెప్పే సంచిక రాదు.

ఏడాది చివర్లో, డిసెంబరు 27న, యూజీసీ రిజర్వేషన్ల అమలుపై ముసాయిదా మార్గదర్శకాలు పెట్టింది. నేరుగా జరిపే నియామకాల్లో డీరిజర్వేషన్‌పై సాధారణంగా నిషేధం ఉందంటూనే, అరుదైన సందర్భాల్లో ప్రజాప్రయోజనం పేరిట గ్రూప్ ఏ పోస్టును ఖాళీగా ఉంచలేమనుకుంటే విశ్వవిద్యాలయం డీరిజర్వ్ చేయమని ప్రతిపాదన పంపొచ్చంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు గ్రూప్ ఏ కిందికే వస్తుంది. ‘తగిన అభ్యర్థి దొరకలేదు’ అని ఇంటర్వ్యూ తర్వాత ఇంటర్వ్యూలో రాసి, పోస్టును ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచి, ఆనక ఆ ఖాళీనే కారణంగా చూపించే వీలు అందులో ఉండింది.

ఫిలాసఫీ లాంటి చిన్న విభాగాలకు ఇది మరీ చేటు. 2018 నాటి 13 పాయింట్ల రోస్టర్ గొడవ గుర్తుందా? విభాగాన్ని యూనిట్‌గా తీసుకుంటే నాలుగో పోస్టు ఓబీసీకి, ఏడో పోస్టు ఎస్సీకి, పద్నాలుగోది ఎస్టీకి. అయిదారుగురు అధ్యాపకులుండే ఫిలాసఫీ విభాగంలో ఏడో పోస్టు ఎప్పటికి వస్తుంది? 2019 మార్చిలో భారత్ బంద్ జరిగితే గానీ ఆర్డినెన్స్ రాలేదు, ఆ తర్వాత యూనివర్సిటీ మొత్తాన్ని యూనిట్‌గా తీసుకునే చట్టం వచ్చింది. అలా దక్కించుకున్న పోస్టులే ఈ ముసాయిదా కిందికి వచ్చాయి. ఢిల్లీలో నిలిచిన అంబేద్కర్ పేపర్ ఎలెక్టివ్. కాలేజీలో దాన్ని చెప్పగల అధ్యాపకులుంటేనే నడుస్తుంది. సిలబస్‌లో పేరుండి, చెప్పే మనిషి లేక ఎవరూ ఎంచుకోని పేపర్లు ప్రతి యూనివర్సిటీలో ఉన్నాయి.

ముసాయిదాపై అభిప్రాయాలు పంపడానికి యూజీసీ ఇచ్చిన గడువు 2024 జనవరి 28న ముగిసింది. సంఘాల పేరుతో ఒకటి పంపి ఊరుకోకుండా, ఎవరికి వారు విడిగా రాయాల్సిన సందర్భమది. మీ విభాగంలో రిజర్వ్ అయి ఖాళీగా ఉన్న పోస్టులెన్ని, ఎన్నేళ్లుగా ఖాళీ, ఎన్నిసార్లు ‘తగిన అభ్యర్థి లేరు’ అన్నారు అనే వివరాలు ఆర్టీఐ ద్వారా తెచ్చినవి ఉంటే జతచేయాల్సింది. డీరిజర్వేషన్ అధ్యాయం మొత్తాన్నీ తీసేయమని స్పష్టంగా అడగాల్సింది.